అరకు కొండలలో సైకిలు మార్గాలు: గిరిజన గ్రామాల బాటలు, పాటించవలసిన నియమాలు

తూర్పు కనుమలలో సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున నెలకొన్న అరకు లోయ ఆంధ్రప్రదేశ్‌లోని ప్రముఖ పర్యాటక ప్రాంతాలలో ఒకటి. విశాఖపట్నం నుండి రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్ల దూరంలో గల ఈ ప్రాంతం, 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. రైలులోను, కారులోను వచ్చి సాయంత్రానికి తిరిగిపోయే సందర్శకులతో పాటు కొండదారులపై సైకిలు తొక్కుటకు వచ్చేవారు కూడ ఇక్కడ కనిపిస్తున్నారు. ఈ క్రీడకు అనువైన మార్గాలు, నేల స్వభావం, అనువైన కాలం, చట్టపరమైన అంశాలను పాత్రికేయుల, అధికారుల సౌలభ్యం కొరకు ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

క్రీడ స్వరూపం

మౌంటెన్ బైకింగ్‌గా పేరొందిన ఈ క్రీడ 1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో రూపుదిద్దుకొని, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ప్రవేశం పొందినది. ఇందుకు వాడే సైకిలు టైర్లు వెడల్పుగా, మట్టిని పట్టి నిలిచే బొడిపెలతో ఉంటాయి. కుదుపులను తట్టుకొనే ఫోర్కు, డిస్క్ బ్రేకులు, ఎగుడు ఎక్కుటకు ఉపకరించే తేలికపాటి గేర్లు దీని ప్రత్యేకతలు. బ్రిటన్‌లో మార్గాల కష్టాన్ని బట్టి పచ్చ, నీలం, ఎరుపు, నలుపు రంగుల గుర్తులు ఇస్తారు. పచ్చ రంగు మార్గం కొత్తవారికి, నలుపు రంగు మార్గం ఆరితేరినవారికి ఉద్దేశించినది.

మూడు ప్రధాన మార్గాలు

అరకు నుండి డుంబ్రిగుడ మీదుగా చాపరాయి వరకు గల దారి మొదటిది. ఒకవైపు సుమారు 15 కిలోమీటర్లు. లోయ అడుగున వరిమళ్లు, మెట్ట పొలాల నడుమ సాగే ఈ తారు రోడ్డు కొత్తవారికి అనువైనది. అయితే ఇది పాడేరు వైపు వెళ్లే 516ఇ జాతీయ రహదారిలో భాగమైనందున, సెలవు దినాలలో వాహనాల రద్దీని దృష్టిలో ఉంచుకొనవలెను.

అరకు నుండి సుంకరమెట్ట, గాలికొండ మీదుగా అనంతగిరికి పోయే ఘాట్ రోడ్డు రెండవది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన అరబికా కాఫీ తోటలు, చెట్లకు అల్లుకొన్న మిరియాల తీగలు ఈ మార్గానికి వన్నె తెచ్చినవి. ఎగుడు దీర్ఘమైనది. అనంతగిరి దాటి శృంగవరపుకోట వైపు దిగునపుడు మలుపులు అధికము. బస్సులు, లారీలు ఎదురగును. విడువక బ్రేకు పట్టినచో అది వేడెక్కి పట్టు తప్పును గనుక, నడుమ నడుమ ఆగి దిగుట మంచిది. తోటల లోపలి దారులు ప్రజామార్గములు కావు. వాటిలో కొన్ని అటవీ అభివృద్ధి సంస్థకు, కొన్ని గిరిజన రైతులకు చెందినవి. వారి అనుమతి లేనిదే ప్రవేశించరాదు.

బొర్రా గుహల ప్రాంతం నుండి కటికి జలపాతం వైపు వెళ్లే కచ్చా దారి మూడవది. దూరం కొద్ది కిలోమీటర్లే అయినను రాళ్లు, నిట్టవాలు, జీపుల రాకపోకల వలన ఇది మూడింటిలో కఠినమైనది. చివరి భాగం కాలినడకకే తగినది.

బాట ఎవరికి ఆధారం

ఈ మార్గాల నుండి ఇరువైపులా విడివడే కాలిబాటలే కొండ సైకిలు వారిని ఎక్కువగా ఆకర్షించేవి. ఇవి ఎవరో విహారానికై వేసినవి కావు. పసుపు, అల్లం, కాఫీ గింజలు నెత్తిన పెట్టుకొని సంతకు నడిచే దారి ఇదే. ఊట నీటికి, బడికి పోయే దారి ఇదే. వాహనం చేరని ఆవాసాల నుండి రోగులను, నిండు గర్భిణులను డోలీలో మోసుకువచ్చే దారి కూడ ఇదే. 2018లో గిరిజన ప్రాంతాలలో మోటారు సైకిల్ అంబులెన్సులను ప్రవేశపెట్టినప్పటికి, అవి చేరలేని చోట డోలీయే దిక్కు. డోలీ మోసేవారి భుజాన కర్ర ఉండును గనుక కాలికింది గుంత వారికి కనబడదు. చక్రాల ఒరిపిడికి గాడిపడిన బాటలో వారి అడుగు జారినచో నష్టపోయేది డోలీలోని ప్రాణము. కావున ఏ కాలిబాటనైనను సైకిలు మార్గంగా ప్రకటించుటకు ముందు, అది ఏ ఆవాసానికి ఆధారమో తెలుసుకొనుట ప్రథమ కర్తవ్యం.

నేల, నీరు

ఖొండలైట్ శిల శిథిలమై ఏర్పడిన ఎర్రనేల ఈ కొండలలో విస్తారంగా కలదు. తడిసిన నేలపై బ్రేకు వేసిన చక్రం గాడి చేయును. తరువాతి వాన ఆ గాడినే కాలువగా చేసికొని మట్టిని కోసుకుపోవును. అందువలననే మార్గ నిర్మాణంలో రెండు సూత్రాలు పాటిస్తారు. బాట వాలు కొండ వాలులో సగానికి మించరాదు. మొత్తం మీద సగటు వాలు 10 శాతం లోపు ఉండవలెను. అప్పుడు నీరు బాట వెంట పారక, దానికి అడ్డంగా దాటిపోవును. గ్రామీణుల కాలిబాటలు దగ్గరిదారి కొరకు కొండను నిటారుగా ఎక్కుతాయి. పాదాలకు తట్టుకొన్న బాట చక్రాలకు తట్టుకొనలేదు. అట్టి బాటలను సైకిలుకు వినియోగించకుండుటే మేలు.

బొర్రా, కటికి ప్రాంతాల మట్టి చేరేది గోస్తనీ నదికే. ఆ నదిపై గల తాటిపూడి జలాశయం విజయనగరం జిల్లా పొలాలకు సాగునీటిని, విశాఖ నగరానికి తాగునీటిని అందిస్తున్నది. కొండపై కోత మైదానానికి కూడ సంబంధించిన విషయమే.

అనువైన కాలం

జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానల వలన మట్టిదారులపై సైకిలు తగదు. అక్టోబరు తుఫానుల నెల. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ ధాటికి ఈ కొండలలోని నీడచెట్లు, కాఫీ తోటలు తీవ్రంగా దెబ్బతిన్నవి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలము. వలిసె పూలు విరగబూసేది ఈ చలికాలపు తొలి రోజులలోనే. అయితే కాఫీ పండ్ల కోత, గింజల ఆరబోత సాగేది కూడ ఈ నెలలలోనే. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ ఇక్కడి కుటుంబాలకు ముఖ్య ఆదాయ వనరు గనుక, కళ్లాల మీదుగా, ఆరబోసిన గింజల మీదుగా చక్రం పోనీయరాదు. ఉదయపు పొగమంచు తొలగిన తరువాతనే ఘాట్ రోడ్డుపై బయలుదేరవలెను. చైత్రమాసంలో ఇటుకల పండుగ దినాలలో పురుషులు వేటకు పోవుట ఆచారము. ఆ రోజులలో అడవి బాటలకు దూరంగా ఉండుట శ్రేయస్కరము.

చట్టపరమైన అంశాలు

ఇది రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కిందకు వచ్చే ప్రాంతము. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు స్థానిక వనరుల విషయంలో అధికారాలు కల్పించినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం బడి, వైద్యశాల, రోడ్డు వంటి 13 రకాల సదుపాయాలకు పరిమిత విస్తీర్ణంలో అటవీ భూమిని గ్రామసభ సిఫారసుపై వినియోగించుటకు వీలు కల్పించినది. విహార మార్గాలు ఆ జాబితాలో లేవు. రిజర్వు అడవిలో కొత్త బాట వేయుటకు అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఇక 1/70గా ప్రసిద్ధమైన భూబదలాయింపు నిబంధనల ప్రకారం గిరిజనేతరులు ఇక్కడ భూమి పొందుటకు వీలులేదు. కావున సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణం, బస, భోజనం, దారి చూపుట వంటి పనులు స్థానిక గిరిజన యువత, మహిళా సంఘాల చేతిలో ఉండుటయే చట్టానికి, న్యాయానికి అనుగుణము.

భద్రత

శిరస్త్రాణం, చేతి తొడుగులు, ప్రథమ చికిత్స పెట్టె, ట్యూబు, గాలిపంపు వెంట ఉండవలెను. లోయ దాటిన తరువాత అనేక చోట్ల సెల్‌ఫోన్ సంకేతం అందదు గనుక 108కు కబురు చేరుటకే జాప్యము కావచ్చును. ఒంటరిగా, చీకటిపడిన పిదప ప్రయాణించరాదు. మలేరియా ప్రబలే ప్రాంతం గనుక దోమకాటు నుండి రక్షణ అవసరము. బరువు మోసేవారు, పశువులు, డోలీ ఎదురైనచో సైకిలు దిగి పక్కకు తొలగవలెను.

పత్రికలలో మార్గపటం ప్రచురించునపుడు తారు రోడ్లను, కచ్చా దారులను, గ్రామాల కాలిబాటలను వేరువేరుగా చూపుట, కాలిబాట విషయంలో సంబంధిత గ్రామసభ అంగీకారం ఉన్నదీ లేనిదీ తెలుసుకొని వ్రాయుట ఉచితము. మండల స్థాయి అధికారులు వర్షాకాలం ముగియగానే బాటలను పరిశీలించి, కోతకు గురైన వాటిని ఆ ఏడాదికి సైకిళ్లకు మూసివేయుట అవసరము.