పేరును తూకమును: పరమాణుభార చరిత్రలో కొన్ని ఘట్టములు

గౌతమీ గోదావరి యొడ్డున నున్న యానాం 18వ శతాబ్దిలో ఫ్రెంచివారి స్థావరమైనది. నడుమ పలుమార్లు ఆంగ్లేయుల వశమై, మరల ఫ్రెంచివారికి దక్కి, 1954 నవంబరు 1న భారతప్రభుత్వ పాలనలోనికి వచ్చెను; 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనమయ్యెను. ఇంటిలో తెలుగు, కచేరీలో ఫ్రెంచి, పొలిమేర దాటినచో ఇంగ్లీషు వ్యవహరింపబడిన తావు అది. ఇట్టిచోట ఒకే పదార్థమునకు మూడు పేర్లుండుట సహజము. గాలిలో ఐదింట నాలుగు పాళ్ళుగా నున్న వాయువు ఫ్రెంచిలో అజోత్, ఇంగ్లీషులో నైట్రోజన్, తెలుగులో నత్రజని. కాని మూడు భాషల రసాయనగ్రంథములలోను దాని కెదుట వ్రాయబడు పరమాణుభారము ఒక్కటియే: 14. ఈ సంఖ్య ఏమి తెలుపునో, ఎట్లు సిద్ధించినదో, తెలుగునాట జరిగిన ఒక ప్రసిద్ధ పరిశీలనతో దానికి గల సంబంధమెట్టిదో ఈ వ్యాసమున విచారింపబడుచున్నది.

మొదట పేర్ల సంగతి. 1787లో లవాజియేయు ఆయన సహచరులును పారిస్‌లో రసాయన నామకరణ పద్ధతిని ప్రకటించిరి. అజోత్ అను పేరు అప్పటిది; ప్రాణము నిలుపనిదని దాని భావము. 1790లో షప్తాల్ అను మరియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నైత్రోజెన్ అను మాటను కల్పించెను. ఇంగ్లీషువారు దానినే గ్రహించిరి. తెలుగు నత్రజని దాని యనువాదమే. నీటిని పుట్టించునది గావున ఉదజని, ఆమ్లమును పుట్టించునది గావున ఆమ్లజని అను మాటలును ఆ ఫ్రెంచి పదములకు సరియైన తెలుగు రూపములు. అనగా ఫ్రెంచి యెరుగని తెలుగు విద్యార్థి నోటను పారిస్ నామకరణమే పలుకుచున్నది.

అయితే ఆమ్లజని యను పేరులో ఒక పొరపాటు నిలిచిపోయినది. ప్రతి ఆమ్లమునందును ఆ వాయువు ఉండి తీరునని లవాజియే నమ్మెను. ఉప్పునుండి తీయు ఆమ్లములో అది లేదని 1810లో హంఫ్రీ డేవీ నిరూపించెను. సిద్ధాంతము తొలగినది, పేరు మాత్రము తొలగలేదు. సంఖ్య విషయమున అట్లు జరుగలేదు. అది తప్పినపుడెల్ల దిద్దబడినది.

పరమాణుభారము గ్రాములలో చెప్పు బరువు కాదు. ఒక పరమాణువు మరియొకదానికి ఎన్ని రెట్లు బరువో తెలుపు నిష్పత్తి మాత్రమే. కావుననే దానికి ప్రమాణనామము లేదు. తక్కెడలో ఒకవైపు వేయు పడికట్టు రాయివంటిది ఒకటి ముందుగా నిర్ణయించుకొని, తక్కినవానిని దానితో పోల్చవలెను. 19వ శతాబ్ది తొలినాళ్ళలో జాన్ డాల్టన్ అన్నింటికంటె తేలికయైన ఉదజని పరమాణువును పడికట్టుగా గ్రహించి, దాని విలువ 1 అనెను.

చిక్కు ఇచ్చటనే మొదలైనది. నీటిలో ఉదజని 1 పాలును ఆమ్లజని 8 పాళ్ళును బరువుండును. అంతమాత్రమున ఆమ్లజని పరమాణువు 8 రెట్లు బరువైనదని చెప్పవచ్చునా? కోనసీమ సంతలో ఒక కుప్ప కొబ్బరికాయలు, ఒక కుప్ప పోకకాయలు ఉన్నవనుకొనుడు. మొదటి కుప్ప రెండవదానికి 8 రెట్లు తూగినది. రెండు కుప్పలలోను కాయలు సమానమైనచో ఒక కొబ్బరికాయ 8 పోకలకు సమము. పోకలు రెట్టింపు ఉన్నచో 16 పోకలకు సమము. లెక్క తెలియక తూకము ఫలింపదు. నీటిలో రెండును ఒక్కొక్క పరమాణువే యని డాల్టన్ ఊహించెను. రెండు ఘనపరిమాణముల ఉదజని ఒక ఘనపరిమాణపు ఆమ్లజనితో కూడునని 1808లో గే-లుస్సాక్ ప్రకటించెను. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనము గల సమాన ఘనపరిమాణముల వాయువులలో అణువుల సంఖ్య సమానమని 1811లో అవొగాద్రో ప్రతిపాదించెను. ఆయన మాట చాలకాలము చెల్లలేదు. ఒక గ్రంథములో ఆమ్లజని 8, మరియొకదానిలో 16 అని యుండెడిది. 1860 సెప్టెంబరులో కార్ల్స్‌రూహె నగరమున జరిగిన రసాయనజ్ఞుల మహాసభలో కన్నిజ్జారో అవొగాద్రో పక్షమును సమర్థించిన పిమ్మట క్రమముగా 16 స్థిరపడెను.

ఆ సభ జరిగిన ఎనిమిదేండ్లకు, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. హీలియం గుంటూరులో జాన్సెన్‌చే కనుగొనబడినదను మాట ప్రచారములో నున్నది. దీనిని కొంత సవరించుకొనవలెను. సూర్యుని అంచున లేచు జ్వాలలు ప్రధానముగా ఉదజనిమయములని ఆయన తెలిసికొనెను. గ్రహణము లేనినాడును వర్ణపటదర్శినితో వానిని చూడవచ్చునని మరునాడే నిరూపించెను. ఆయన ముఖ్యమైన ఘనత ఇది. ఆ గ్రహణమున పలువురు చూచిన పసుపు రేఖ సోడియమునదని తొలుత భావింపబడెను. అది సోడియము రేఖ కాదని అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండున నార్మన్ లాకయర్ పరిశీలనవలన తేలినది. తరువాత దానికి హీలియం అను పేరు కలిగెను. పేరు తుదనున్న ప్రత్యయము లోహములకు వాడునది. ఆ పదార్థము లోహము కాదు. ఇచ్చటను పేరు తప్పునే మోసినది.

రేఖను చూచినంతమాత్రమున బరువు తెలియదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజమునుండి ఆ వాయువును భూమిమీద రాబట్టెను. అది ఉదజని వాయువునకు రమారమి రెండింతల సాంద్రత గలదిగా కనబడెను. ఉదజని అణువు భారము 2 గావున దీని అణుభారము 4. అయితే అణువులో పరమాణువు లెన్ని? రెండైనచో పరమాణుభారము 2, ఒక్కటియైనచో 4. డాల్టన్‌ను బాధించిన కాయల లెక్కయే మరల ఎదురైనది. ధ్వనివేగమునుండి తెలిసిన రెండు విశిష్టోష్ణముల నిష్పత్తి 1.67కు దగ్గరగా నుండుటచే అణువున ఒకే పరమాణువు గలదని తేలి, 4 నిలిచెను.

పడికట్టు రాయియు మారుచు వచ్చినది. పెక్కు మూలకములు ఆమ్లజనితో కూడుటచే దానిని 16గా గ్రహించు పద్ధతి వ్యాపించెను. 1929లో ఆమ్లజనికి 17, 18 భారముల ఐసోటోపులును కలవని తెలిసినపుడు రసాయనజ్ఞులు సహజమిశ్రమమును, భౌతికశాస్త్రజ్ఞులు 16 ఐసోటోపును మాత్రమే 16గా గణించిరి. పేరొక్కటియే, తూనికరాళ్ళు రెండు. 1961లో ఉభయులును కర్బన 12 ఐసోటోపును సరిగా 12గా అంగీకరించుటతో ఆ భేదము తొలగెను. నేటి పట్టికలో ఆమ్లజని 15.999, నత్రజని 14.007, హీలియం 4.0026. క్లోరిన్ విలువ 35.45, అంత బరువు గల క్లోరిన్ పరమాణువు ఒక్కటియు లేదు. 35, 37 ఐసోటోపుల సగటు అది. ఐసోటోపుల పాళ్ళు తావును బట్టి మారుటచే 2009 పట్టికలో ఉదజని మొదలగు 10 మూలకములకు ఒక్క విలువకు బదులు అవధులే ఈయబడినవి.

కావున తెలుగు పాఠములో పరమాణుభారము అనునపుడు సాపేక్షము అను విశేషణమును విడువరాదు. దానిని విడిచినచో విద్యార్థి 14ను ఒక బరువుగా కంఠస్థము చేయును. ఉంచినచో, దేనితో పోల్చి 14 అని ప్రశ్నించును. అజోత్ అన్నను నత్రజని యన్నను యానాం బాలునికి ఆ ప్రశ్నయే శాస్త్రద్వారము.