సూరత్: పారిపోయిన ఊరు, ఆగిపోయిన విద్యార్థి

మహమ్మారిపై వ్యాసం రాయమంటే మనలో చాలామంది వైరస్‌తో మొదలుపెట్టి వ్యాక్సిన్‌తో ముగిస్తాం. మధ్యలో విశ్వవిద్యాలయ విద్యార్థి జారిపోతాడు. అతను కనిపించాలంటే సూరత్ చరిత్రను ఒకసారి చూడండి.

1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు బయటపడింది. అధికారిక లెక్కల్లో దేశం మొత్తం మీద మరణాలు అరవై లోపే. అయినా కొద్ది రోజుల్లోనే లక్షల మంది రైళ్లు, బస్సులు పట్టుకుని ఊరు వదిలేశారు. ప్రైవేటు డాక్టర్లు కూడా కొందరు క్లినిక్‌లు మూసి వెళ్లిపోయారు. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు నగరాన్ని శుభ్రం చేసిన కథ మీరు చదివే ఉంటారు. ఎథిక్స్ పేపర్‌కు బాగా పనికొస్తుంది. మనకిప్పుడు కావాల్సింది మాత్రం భయం సంగతి.

1994లో భయానికి పారిపోయే దారి ఉంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్‌తో ఆ దారి మూసుకుపోయింది. ఏప్రిల్ 10న సూరత్‌లో వలస కార్మికులు ఇళ్లకు పంపమని రోడ్డెక్కారు, దేశమంతా చూసింది. అదే నగరంలో వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం, ఎస్‌వీఎన్‌ఐటీ విద్యార్థుల ఆందోళన అలా కంటికి కనిపించేది కాదు. ఒంటరితనమంటే ఖాళీ గది అనుకోకండి. లింబాయత్‌లో తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇరుకింట్లో నలుగురి మధ్య ఫోన్‌లో పాఠం వినే కుర్రాడికి కూడా తోటివాళ్లు లేని లోటు లోటే. పైగా ఇంట్లో మగ్గం ఆగిపోయింది.

దీనికి తోడు పరీక్షల అనిశ్చితి. యూజీసీ ఏప్రిల్ 29న జులైలో పరీక్షలంది, జులై 6న సెప్టెంబరు ఆఖరులోగా అంది. ఆగస్టు 28న సుప్రీంకోర్టు, రాష్ట్రాలు వాయిదా కోరవచ్చు గానీ పరీక్ష లేకుండా చివరి ఏడాది వారిని ఉత్తీర్ణులను చేయలేవని తేల్చింది. అంటే అయిదు నెలలు! నోటిఫికేషన్ కోసం ఎదురుచూసిన మీకు ఆ అయిదు నెలలు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

ఈ మధ్యలో జులై 21న కేంద్రం 'మనోదర్పణ్' హెల్ప్‌లైన్ ప్రారంభించింది. మంచి పనే, కానీ లాక్‌డౌన్ మొదలైన నాలుగు నెలలకు. నా ఉద్దేశంలో సలహాదారు గొంతు కన్నా ముందు వాళ్లకు కావాల్సింది ఒక ఖాయమైన తేదీ.

1897 అంటువ్యాధుల చట్టాన్ని ఏప్రిల్ 22 ఆర్డినెన్స్‌తో సవరించి ఆరోగ్య సిబ్బందికి రక్షణ కల్పించారు. ఏకాంతంలో ఉన్నవారి మనసు గురించి అందులో ఏమీ లేదు.