నీలగిరి బాట: సందడికి ఎడముగా

వేసవి వచ్చినదనగానే మన ఇండ్లలో రెండు మాటలు వినవచ్చును. ఈ యేటి ఎండలు మునుపెన్నడును ఎరుగమనునది ఒకటి. పిల్లలకు సెలవులు ఇచ్చినారు గనుక ఊటీ పోయి రావలెననునది రెండవది. ఆ రెండవ మాట అన్నవారే వారము తిరుగకముందే ఇల్లు చేరి, “ఊటీకేమి, మన ఊరి సంతయే నయము” అని నిట్టూర్చుటయు కద్దు. కొండదారి పొడుగున బండి వెనుక బండి. సరస్సు గట్టున పడవకొరకు బారులు. పూలతోటలో పూవులకంటె తలలు ఎక్కువ. జనసమ్మర్దమునుండి తప్పించుకొనుటకై కట్టిన ఊరు జనముతోనే నిండిపోవుట విచిత్రముగా తోచవచ్చును. కాని దీని వెనుక రెండువందల యేండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిసినవానికి అదే ఊరిలో ప్రశాంతమైన మరియొక ఊరు కనబడును.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలెను. నీలగిరులను ఆంగ్లేయులు కనుగొన్నారని చెప్పుట పరిపాటి. ఎవరును లేని చోటును గదా కనుగొనుట! అక్కడ తోడలు ఎనుములను మేపుకొనుచుండిరి. బడగలు ధాన్యము పండించుచుండిరి. కోటవారు ఇనుప పనిముట్లును కుండలును చేయుచుండిరి. అడవి అంచులలో కురుంబలు, ఇరుళులు నివసించుచుండిరి. వీరు ఒకరి పంటను, పాడిని, పనితనమును మరియొకరితో మార్చుకొనుచు జీవించినారు. 1603 లోనే ఫినీషియో అను క్రైస్తవ మతాచార్యుడు మలబారునుండి ఈ కొండలెక్కి తోడలను చూచిపోయినాడు. ఊరి పేరులోని చివరి భాగము తోడల పల్లెకు చెప్పు మాటయే. దానిని వినగానే మనకు పశువుల ‘మంద’ గుర్తునకు వచ్చుట సహజము.

1819 లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ కొండపైకి వచ్చినాడు. ఆయన మొదట విడిది చేసినది ఉదకమండలములో కాదు, కోతగిరి దాపున. చల్లని గాలి, మలేరియా జ్వరపు బెడద లేని నేల ఆయనను ఆకర్షించినవి. రోగులైన సైనికులు ఇక్కడ కోలుకొనగలరని ఆయన ప్రభుత్వమునకు నచ్చజెప్పినాడు. తరువాత ఉదకమండలములో తోడల భూమిని కొని, 1822 లో ‘స్టోన్ హౌస్’ అను రాతి ఇంటికి పునాది వేసినాడు. వాగులకు అడ్డుకట్ట వేయించి సరస్సును ఏర్పరచినాడు. ఈనాడు ప్రకృతి చెక్కిన అందమని మనము మెచ్చుకొను ఆ సరస్సు ఒక కలెక్టరు త్రవ్వించిన చెరువన్నమాట! ఒక్క సంగతి మాత్రము ఆయన పక్షమున చెప్పవలెను. ఈ భూములపై తోడలకు హక్కు కలదని ఆయన పై అధికారులతో వాదించినాడు. ఆ వాదము చివరకు నెగ్గలేదు.

ఇక వరుసగా ఇతరులు వచ్చినారు. 1834 లో మెకాలే దొర గవర్నరు జనరలును కలిసికొనుటకై మద్రాసునుండి సుమారు 400 మైళ్లు పల్లకీలో వచ్చినాడు. అనగా అన్ని మైళ్లును మనుష్యుల భుజములపై వచ్చినాడు. దొరలు వెదకిన చల్లదనమునకు బోయీల చెమట మూల్యమైనది.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి మద్రాసు ప్రభుత్వము వేసవి కాలమంతయు ఇచ్చటనే కాపురముండెను. ఇక్కడనే మనకును ఈ ఊరికిని సంబంధము ఏర్పడినది. కృష్ణా, గోదావరి, కడప జిల్లాలు ఆనాడు ఆ ప్రభుత్వము క్రిందివే. రోహిణి కార్తెలో మన రైతు మాడిపోవుచుండగా, అతని జిల్లాకు సంబంధించిన కాగితములు కొండమీద కంబళి కప్పుకొన్న అధికారుల బల్లపై ఉండెడివి. ప్రజలకు ఇంత దూరముగా రాజ్యము చేయుట న్యాయమా అని మన దేశనాయకులు ప్రశ్నించినారు. ప్రజలనుండి ఎడముగా ఉండుటయే ఆ ఊరి ప్రయోజనమైనపుడు ఆ ప్రశ్న దాని పునాదినే తాకినది.

ఆ ఎడమును కరగించినది రైలుబండి. మేట్టుపాళయమునుండి కూనూరు వరకు దారి 1899 లో తెరచినారు. ఉదకమండలము వరకు 1908 లో పొడిగించినారు. 46 కిలోమీటర్ల మార్గము, 16 సొరంగములు, 208 వంపులు. కల్లారు దాటిన తరువాత పట్టాల నడుమనున్న పండ్లబద్దెను ఇంజను పండ్లచక్రముతో పట్టుకొని ఎక్కును. 2005 లో ఈ రైలుమార్గమునకు ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. పల్లకీ ఎక్కలేనివాడు టిక్కెట్టు కొనగలిగినాడు. స్వాతంత్ర్యము తరువాత బస్సులు, పిదప సొంతకార్లు వచ్చినవి. ఒకప్పుడు మూటలు మోయుటకు మాత్రమే కొండెక్కినవారి మనుమలు ఈనాడు తోటలో బల్లపై కూర్చుండి వేరుశెనగలు తినుచున్నారు. కనుక జనసమూహమును చూచి ముఖము చిట్లించుకొనుటకు ముందు ఇది గుర్తుంచుకొనవలెను: ఆ సమూహము మనమే. అది ఇచ్చటికి వచ్చుట ఒక విధమైన విజయము.

కాని విజయమునకును ఒక మితి ఉండవలెను. ఊరు పెరిగినకొలది సరస్సు కుదించుకొనిపోయినది. గుర్రపు పందెముల మైదానమును, బస్సుల నిలయమును దాని భూమిలోనే వెలసినవి. పచ్చికబయళ్లపై యూకలిప్టసును, తుమ్మజాతి చెట్లను నాటినారు. తేయాకు తోటలు వ్యాపించినవి. వాననీటిని పట్టియుంచి, భవానీ నదికి కొంచెము కొంచెముగా విడుచునవి ఆ పచ్చికలును వాటి నడుమ లోయలలోని షోలా అడవులును. అవి తగ్గినచో నీరు తగ్గును. వాహనముల తాకిడి భరింపరానిది కాగా, మద్రాసు ఉన్నత న్యాయస్థానపు ఉత్తరువుపై 2024 మే 7 నుండి బయటి వాహనములకు ముందస్తు అనుమతిపత్రము విధించినారు. 2025 ఏప్రిల్ నుండి పనిదినములలో రోజునకు 6000, వారాంతములలో 8000 వాహనములని పరిమితి కూడ పెట్టినారు.

ఇట్టి స్థితిలో విజ్ఞుడైన యాత్రికుడు చేయదగినదేమి? మొదటిది, కాలమును మార్చుకొనుట. మే నెలలో పుష్పప్రదర్శనము జరుగును. జనము కూడ అప్పుడే విరగబడును. సంక్రాంతి సెలవులు గడచిన పిదప, జనవరి చివరను, ఫిబ్రవరిలోను ఆకాశము నిర్మలముగా ఉండును. ఉదయమున పచ్చికపై మంచు తెల్లని ఉప్పువలె పేరుకొనును. చలికి తగిన దుస్తులున్నచో అంతకు మించిన కాలము లేదు. రెండవది, చరిత్ర నడచిన వరుసలోనే నడచుట. మొదట కోతగిరికి పోవలెను. రైలు అచ్చటికి చేరలేదు గనుక సందడియు అంతగా చేరలేదు. దాపున కన్నేరిముక్కులో సల్లివన్ బంగళా ఉన్నది. దానిని బాగుచేసి స్మారకముగా నిలిపినారు. అటుపిమ్మట కూనూరు, చివరకు ఉదకమండలము.

ఆ పట్టణములో కూడ సరస్సు గట్టును ఇతరులకు విడిచి, ప్రాతఃకాలమున సెయింట్ స్టీఫెన్ ఆలయమునకు నడచిపొండు. 1830 ప్రాంతమున కట్టిన ఆ ఆలయపు దూలములు శ్రీరంగపట్టణములోని టిప్పు సుల్తాను రాజభవనమునుండి తెచ్చినవని ప్రసిద్ధి. అచ్చటి శ్మశానవాటికలో సల్లివన్ భార్యయు కుమార్తెయు నిద్రించుచున్నారు. ఆరోగ్యమునకై స్థాపించిన ఊరు తన స్థాపకుని కుటుంబమునే కాపాడలేకపోయినది. 1848 నుండి మాకైవర్ తీర్చిదిద్దిన ఉద్యానమున పైకి, ఇంకను పైకి ఎక్కినచో, జనుల కేకలు వినరానంత ఎత్తున ఒక తోడ పల్లె ఉన్నది. అది ప్రదర్శనశాల కాదు. మనుష్యులు కాపురమున్న చోటు. పిలువకుండ గుమ్మము త్రొక్కరాదు. దూరమునుండి చూచి, నమస్కరించి మరలవలెను.

సందడిని తప్పించుకొనుట అనగా ఎవరును చూడని మరియొక కొండను వెదకిపట్టుకొనుట కాదు. సల్లివన్ చేసినది అదియే. అతని వెనుక ఊరంతయు వచ్చినది. మనము కనుగొన్న మూలకును రేపు అదే గతి పట్టును. ఉన్న ఊరికే తక్కువ బరువుతో పోవుట, కారు కొండక్రింద విడిచి రైలో బస్సో ఎక్కుట, తొందరలేని కాలమున నాలుగు దినములు ఒక్కచోట నిలుచుట, ఈ నేలపై మనకంటె ముందున్నవారిని తలచుకొనుట – ఇవి చాలును. అట్లు పోయినవానికి మేట్టుపాళయములో బయలుదేరిన బండి దాదాపు ఐదు గంటలు తీసికొనుట ఆలస్యమనిపింపదు. మెకాలే పల్లకీకంటె అది ఎంతో వేగము. పైగా దానిని ఏ మనిషి భుజమును మోయుట లేదు.