గంటస్తంభం నుంచి సముద్రం దాకా

భీమిలిలో చదువుకున్న మనలో చాలామందికి గంటస్తంభం అంటే బడికి ఆలస్యమైందని చెప్పే చోటు. దాన్ని దాటి సముద్రం వైపు దిగే పాత వీధుల్లో మా ఇల్లు. హైస్కూలు రోజుల్లో ఆ దారిన ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. ఒక్కసారైనా తలెత్తి చూసిన గుర్తు లేదు.

చూడటం నేర్పింది మన సోషల్ మాస్టారు. తొమ్మిదో తరగతిలో ఒక శనివారం మమ్మల్ని తీరం దగ్గరి డచ్చివారి సమాధుల దగ్గరికి తీసుకెళ్లారు. కోసుగా పైకి లేచిన ఆ కట్టడాల వెనక మేం దాగుడుమూతలు ఆడేవాళ్లం. ఆయన మాత్రం, "రాళ్ల మీద ఏముందో చూసి రాసుకోండి" అన్నారు. అక్షరాలు అర్థం కాలేదు కానీ, అంకెలు అర్థమయ్యాయి. మన ఊరికి అంత దూరం నుంచి మనుషులు ఎందుకు వచ్చారన్న ప్రశ్న అప్పుడు పుట్టింది.

వ్యాపారం కోసం వచ్చారు. 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం పెట్టుకుని నేతబట్టలు, ధాన్యం ఓడలకెక్కించింది. 1824లో లండన్‌లో కుదిరిన ఒడంబడికతో డచ్చివారు ఇండియాలోని తమ స్థావరాలన్నీ వదులుకున్నారు. ఆ మరుసటి ఏడాది భీమిలి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. నూనెగింజలు, కరక్కాయలు, నార ఇక్కడి నుంచి ఎగుమతయ్యేవి. గోంగూర జాతి మొక్క నుంచి తీసే గోగునారకు ప్రపంచ మార్కెట్లో 'బిమ్లి జనుము' అని మన ఊరి పేరే పడింది. 1861లోనే మనకు మునిసిపాలిటీ వచ్చింది. సెయింట్ పీటర్స్ చర్చి ఆ దశాబ్దంలో పూర్తయిందే.

మరి అంత ఊరు ఇంత చిన్నదిగా ఎందుకు మిగిలింది? ఇక్కడ రేవు ఉంది గాని, ఓడ ఒడ్డుకు చేరే లోతు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే పడవల మీద సరుకు చేరవేసేవారు. రైలుమార్గం విజయనగరం మీదుగా వాల్తేరు వెళ్లింది, భీమిలిని తాకలేదు. 1933లో విశాఖ హార్బరు మొదలయ్యాక సరుకంతా అటు మళ్లింది. దీనికి మన పెద్దలు బాధపడ్డారు. నాకు మాత్రం ఇప్పుడు ఇంకోలా తోస్తుంది. ఊళ్లో డబ్బు ఆడలేదు కాబట్టే పాత ఇళ్లను పడగొట్టి కొత్తవి కట్టే తొందర ఎవరికీ కలగలేదు. మన పాత ఊరిని ఇన్నాళ్లూ కాపాడింది ఆ లేమే.

ఆ ఇళ్ల పనితనం గురించి నాకు తెలిసింది మా ఇంటి వల్లనే. సున్నపు గచ్చుతో కట్టిన గోడలు. మా అడుగు స్కేలు అడ్డంగా రెండుసార్లు పెడితేగాని మందం తేలేది కాదు. పైన మద్రాసు టెర్రసు: టేకు దూలాలు, వాటి మీద అడ్డకర్రలు, ఆపైన పల్చటి ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన కప్పు. స్లాబులో వేసే ఇనుప చువ్వ అందులో ఒక్కటీ లేదు. సముద్రపు ఉప్పుగాలికి స్లాబులో చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు రాలతాయి. సున్నపు కట్టడానికి ఆ బాధ లేదు. గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది.

ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. నాన్నగారు పోయాక ఇంటి రిపేరు నా మీద పడింది. పెచ్చులూడిన చోట గట్టిగా ఉంటుందని సిమెంటు పూయించాను. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక రెండు వానాకాలాల్లో గోడ ఉబ్బింది. దూలాల చివర్లు మెత్తబడ్డాయి. పాతబడిందని అందరూ అన్నారు, నేనూ అన్నాను. అన్నదమ్ములం కలిసి అమ్మేశాం. ఇప్పుడక్కడ మూడంతస్తుల భవనం ఉంది. ఆ ఇల్లు పాతబడి పోలేదు. నా రిపేరు వల్ల పోయింది. అమ్మకం కాగితాల మీద సంతకాల్లో మొదటిది నాదే.

ఇప్పుడు బీచ్ రోడ్డు వచ్చింది, 2013లో భీమిలి విశాఖ మహానగరంలో కలిసింది. భూమి ధర పెరిగింది. పూర్వం లేమి చేసిన కాపలా ఇక ఉండదు. మిగిలిన ఇళ్లలో మన క్లాసువాళ్లవీ ఉన్నాయని నాకు తెలుసు. అమ్మొద్దని చెప్పే అర్హత నాకు లేదు. ఎవరి అవసరం వారిది.

అడిగేది రెండే. గోడకు రిపేరు చేయించేటప్పుడు సిమెంటు మేస్త్రీ కంటే ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకండి. తప్పనిసరై పడగొట్టాల్సివస్తే, ముందురోజు మన బడి పిల్లల్ని పిలవండి. టేపు పెట్టి కొలుస్తారు, ఫోటోలు తీస్తారు, ఎవరు కట్టించారో రాసుకుంటారు. ఆ పుస్తకాన్ని మన సంఘం తరఫున బడి లైబ్రరీలో ఉంచుదాం. మొదటి పేజీ మా ఇంటిది. ఫోటో ఒక్కటే దొరికింది, అదీ అక్క పెళ్లిది. అరుగు మీద చుట్టాలంతా నిలబడ్డారు, వాళ్ల వెనక కాస్త గోడ కనిపిస్తుంది.