ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన ‘ఐ’

మోర్బిడ్ ఏంజెల్ ఆల్బముల పేర్లు ఇంగ్లిషు అక్షరమాల వరసలో నడుస్తాయి. 1989లో ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’, 1991లో ‘బ్లెస్డ్ ఆర్ ద సిక్’, 1993లో ‘కవెనెంట్’, 1995లో ‘డామినేషన్’. ఎ, బి, సి, డి అన్నమాట. 1996లో వచ్చిన లైవ్ రికార్డు ‘ఎంటాంగిల్డ్ ఇన్ కేయాస్’ కూడా వరస తప్పలేదు, అది ఇ. ఆ తర్వాత ఎఫ్, జి, హెచ్. 2003లో హెచ్ అయ్యాక ఎనిమిదేళ్ల పాటు కొత్త ఆల్బమ్ లేదు. 2011 జూన్‌లో ఐ వచ్చింది. పేరు ‘ఇల్లుడ్ డివినుమ్ ఇన్సానుస్’. డెత్ మెటల్‌లో ఇన్ని తిట్లు తిన్న ఆల్బమ్ ఇంకోటి ఉందంటే నేను నమ్మను.

ఆల్బమ్ మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, దాని కోసం చివరిదాకా ఎదురు చూడక్కర్లేదు. సగం బావుంటుంది, సగం వినలేం. అయితే సగం బావున్న రికార్డులు బోలెడున్నాయి, వాటిని ఎవరూ ఇంతగా అసహ్యించుకోరు. మరి దీన్నే ఎందుకు? నన్ను తొలుస్తున్నది ఈ ప్రశ్నే.

డెత్ మెటల్ వినని వాళ్ల కోసం రెండు ముక్కలు. గిటార్ల శ్రుతిని బాగా కిందికి దించుతారు. గొంతు పాడదు, కడుపులోంచి గుర్రుమంటుంది. మాటలు తెలియాలంటే సీడీ లోపలి కాగితం చూసుకోవాల్సిందే. డ్రమ్ములు కొన్నిచోట్ల ఎంత వేగంగా మోగుతాయంటే దెబ్బకీ దెబ్బకీ తేడా తెలీదు, రేకుల మీద పెద్ద వాన కురిసినట్టుంటుంది. దాన్ని బ్లాస్ట్ బీట్ అంటారు. 1980ల చివర్లో ఈ సంగీతానికి రాజధాని అమెరికాలోని ఫ్లోరిడా, అందులోనూ టాంపా. అక్కడి మోరిసౌండ్ స్టూడియోలోనే డెత్, ఒబిచువరీ, డీసైడ్ లాంటి బ్యాండ్లు రికార్డు చేశాయి. ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ కూడా అక్కడే తయారైంది. గిటార్ ట్రే అజాగ్‌థోత్, గొంతూ బేస్ గిటారూ డేవిడ్ విన్సెంట్, డ్రమ్స్ పీట్ సాండోవల్. ఈ ముగ్గురి పేర్లూ కలిపి పలికినప్పుడు పాత శ్రోతల గొంతులో ఒక రకమైన భక్తి వినిపిస్తుంది.

ఆ భక్తి మొదట్నించీ అంతే నిలకడగా ఉందనుకుంటే పొరపాటు. ‘కవెనెంట్’ అమెరికాలో వార్నర్ అండ ఉన్న జెయింట్ రికార్డ్స్ ద్వారా వచ్చింది. అందులోని ‘గాడ్ ఆఫ్ ఎంప్టీనెస్’ వీడియో ‘బీవిస్ అండ్ బట్‌హెడ్’ కార్టూన్‌లో కనిపించింది. ఒక డెత్ మెటల్ బ్యాండ్‌కి అది మామూలు విషయం కాదు. వెంటనే ‘వీళ్లు అమ్ముడుపోతున్నారా’ అన్న అనుమానం పుట్టింది. ‘డామినేషన్’లో పాటలు నెమ్మదించేసరికి అనుమానం కాస్తా గొణుగుడైంది. 1996లో విన్సెంట్ వెళ్లిపోయాడు. అతని స్థానంలో వచ్చిన స్టీవ్ టకర్‌తో 1998లో ‘ఫార్ములాస్ ఫేటల్ టు ద ఫ్లెష్’ చేస్తే, వేగం మళ్లీ పెరిగినా సరే, ‘విన్సెంట్ లేని మోర్బిడ్ ఏంజెల్ ఏం మోర్బిడ్ ఏంజెల్’ అన్నవాళ్లున్నారు. 2000లో ‘గేట్‌వేస్ టు అనైలేషన్’ బరువుగా, బురదలో నడిచినట్టు సాగింది. దాన్నీ మొదట చాలామంది అరకొరగానే ఒప్పుకున్నారు. ఇవాళ అదే ఆల్బమ్‌ని నెత్తిన పెట్టుకునే వాళ్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లలో నేనూ ఉన్నాను. 2003 నాటి ‘హెరెటిక్’ దగ్గర గొడవ శబ్దం గురించి: రికార్డింగ్ పేలవంగా ఉందని.

వరస చూడండి. కొత్తది రాగానే దానికి ముందుది మంచిదైపోతుంది. ‘డామినేషన్’ని విసుక్కున్నవాళ్లే టకర్ వచ్చాక విన్సెంట్ రోజుల్ని తలుచుకున్నారు. 2011లో విన్సెంట్ తిరిగొచ్చి పాడితే, అదే నోటితో టకర్ కావాలన్నారు. శ్రోతల అభిప్రాయం ఒకసారి రాసి దస్తావేజులా భద్రపరిచేది కాదు, ప్రతి ఆల్బమ్‌తోనూ వెనక్కి వెళ్లి దిద్దుకునేది.

మన దగ్గర ఇది కొత్తేం కాదు. 1950లో ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది. ఆ తర్వాత శ్రీశ్రీ ఏం రాసినా దాని పక్కన పెట్టి తూచారు. ‘ఖడ్గసృష్టి’ని ‘ఖడ్గసృష్టి’గా చదివినవాళ్లు ఎంతమంది? అయితే కవి పేరు కవిదే, ఎవరూ లాక్కోలేరు. బ్యాండ్ సంగతి అలా కాదు. మనుషులు మారుతుంటారు, పేరు మిగులుతుంది. ఆ పేరు ఎవరిదన్న తగాదా ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది. అందులో శ్రోత కూడా తనకో వాటా ఉందనుకుంటాడు.

ఇక ‘ఐ’ దగ్గరికి వద్దాం. విన్సెంట్ 2004లో బ్యాండ్‌లోకి తిరిగొచ్చాడు. ఏళ్ల తరబడి కచేరీలు చేశారు, పాత పాటలు వాయించారు, జనం ఊగిపోయారు. కొత్త పాటల్లో ‘నెవర్‌మోర్’ని ఆల్బమ్ రాకముందే వేదిక మీద వాయించేవాళ్లు. అది నిఖార్సైన డెత్ మెటల్. ఆల్బమ్ కన్నా ముందు బయటకొచ్చిన పాట కూడా అదే. అంటే శ్రోతలకి ఒక మాట ఇచ్చినట్టే లెక్క. ఈలోగా సాండోవల్‌కి వెన్ను శస్త్రచికిత్స జరిగింది, డ్రమ్స్ టిమ్ యంగ్ వాయించాడు. భక్తుల ముగ్గురు మూర్తుల్లో ఒకరు లేరు. ఇయరేక్ కంపెనీ స్థానంలో ఫ్రాన్స్‌కి చెందిన సీజన్ ఆఫ్ మిస్ట్ విడుదల చేసింది.

మొత్తం పదకొండు ట్రాకులు. మొదటిది ఉపోద్ఘాతం లాంటి వాద్య సంగీతం. రెండోది ‘టూ ఎక్స్‌ట్రీమ్!’. ఎనిమిదేళ్లు ఆగిన మనిషి చెవిలో పడిన మొదటి అసలు పాట ఇది. డ్రమ్ములున్న చోట యంత్రం కొడుతున్న దరువు, దాని మీద గిటార్లు, దాని మీద నినాదంలా విన్సెంట్ గొంతు, ఆరు నిమిషాల పైన. టెక్నో క్లబ్బులో పొరపాటున గిటార్ కేబుల్ తగిలించినట్టుంటుంది. దీని తర్వాత వచ్చే ‘ఎగ్జిస్టో వుల్గోరే’, ‘బ్లేడ్స్ ఫర్ బాల్’ రెండూ పాత బాణీలో పరిగెత్తే పాటలు. ‘బ్లేడ్స్ ఫర్ బాల్’లో అజాగ్‌థోత్ గిటార్ మెలికలు తిరిగే తీరు ఇంకెవరికీ రాదు. ‘టెన్ మోర్ డెడ్’, ‘నెవర్‌మోర్’, ‘బ్యూటీ మీట్స్ బీస్ట్’ కూడా అదే కోవ. అంటే పదకొండులో ఐదు, ఎవరూ వంక పెట్టనక్కర్లేని డెత్ మెటల్ పాటలు. వంక పెట్టాల్సినవి ఏడేసి నిమిషాలు దాటిన ‘డిస్ట్రక్టోస్’, ‘రాడికల్ట్’. రెండోదాంట్లో విన్సెంట్ దాదాపు ర్యాప్ చేస్తాడు. దాన్ని సమర్థించే ఓపిక నాకు లేదు.

చివరికి ఆల్బమ్ పేరు కూడా నవ్వులపాలైంది. లాటిన్‌లో ‘ఇల్లుడ్’, ‘డివినుమ్’ నపుంసక లింగం, ‘ఇన్సానుస్’ పుంలింగం, పొసగదు. ‘ఆ చెట్టు వచ్చాడు’ అన్నట్టుంటుంది. దైవదూషణకి లాటిన్ వాడుకోవడం మెటల్‌లో పాత అలవాటే, వ్యాకరణం ఎవరూ పట్టించుకోరు. ఈసారి పట్టించుకున్నారు. కోపంలో ఉన్నవాడికి లింగవచనాలు కూడా కనిపిస్తాయి.

సాధారణంగా చెప్పే కారణం ఒకటుంది: డెత్ మెటల్ శ్రోతలు ఛాందసులు, ఎలక్ట్రానిక్ చప్పుడు పడగానే మండిపడ్డారు అని. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, 1994 సంగతి గుర్తొస్తే ఈ మాట నిలబడదు. స్లొవేనియా బ్యాండ్ లైబాఖ్, యంత్రాల మోతకీ మిలిటరీ కవాతుకీ పేరుపడ్డ బ్యాండ్, ‘కవెనెంట్’లోని పాటల్ని తమ పద్ధతిలో తిరగరాసింది. మోర్బిడ్ ఏంజెల్ పేరు మీదే, ఇయరేక్ కంపెనీయే దాన్ని విడుదల చేసింది. పాటలు పూర్తిగా యంత్రాల పాలయ్యాయి. దాని మీద ఎవరూ యుద్ధం ప్రకటించలేదు, చాలామంది ఇష్టంగా దాచుకున్నారు కూడా. ఎందుకంటే అది పక్కదారి, చిన్న రికార్డు, దానికి అక్షరం లేదు. ‘సి’కీ ‘డి’కీ మధ్య వచ్చింది, వరసని ముట్టుకోలేదు. పదిహేడేళ్ల తర్వాత ఇంచుమించు అదే పని ‘ఐ’ అక్షరం కింద జరిగితే నేరమైంది.

అదే ఫ్లోరిడాకి చెందిన డెత్ బ్యాండ్‌ని పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. చక్ షుల్డినర్ 1987లో ‘స్క్రీమ్ బ్లడీ గోర్’తో మొదలుపెట్టాడు. శవాలు, నెత్తురు, మొరటు గిటార్లు. 1998లో ‘ద సౌండ్ ఆఫ్ పెర్సివరెన్స్’ చేసేనాటికి లయలు లెక్కలు కట్టుకుంటే తప్ప అందనంత చిక్కుపడ్డాయి, గొంతు పైస్థాయికి పోయి కీచుమంది, మాటలు మనిషి మనసు గురించి అయ్యాయి. ఈ రెండు ఆల్బముల మధ్య దూరం, ‘ఎ’కీ ‘ఐ’కీ మధ్య దూరం కన్నా తక్కువేం కాదు. గొంతు నచ్చనివాళ్లు, ‘సింబాలిక్’ దగ్గరే ఆగిపోతే బావుండేదన్నవాళ్లు ఉన్నారు. కానీ ద్రోహం అన్న మాట ఎక్కడా వినపడదు. షుల్డినర్ 1987, 88, 90, 91, 93, 95, 98లలో ఏడు మెట్లు ఎక్కాడు. శ్రోత చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుకీ నడిపించాడు. ఎక్కడా ఎనిమిదేళ్ల గోతి లేదు. 2001 డిసెంబర్‌లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, మెదడులో కణితితో పోయాడు. ఆ తర్వాత ఆ చివరి ఆల్బమ్ గురించి కటువుగా మాట్లాడటానికి నోళ్లు రాలేదు. చావు కూడా శ్రోతల అభిప్రాయాన్ని దిద్దుతుంది. ఈ మాట అనడం నాకూ ఇబ్బందే, కానీ నిజం.

నేను ఈ సంగీతం విన్నది హైదరాబాద్‌లో, ఇంజనీరింగ్ హాస్టల్లో. ఒక సీనియర్ హార్డ్ డిస్క్ నుంచి ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకున్నా. ఎ నుంచి హెచ్ దాకా ఒకే రాత్రి నా కంప్యూటర్‌లోకి వచ్చిపడ్డాయి. పద్నాలుగేళ్ల చరిత్ర పది నిమిషాల్లో దిగింది. నేను మొదట విన్నది ‘సి’, తర్వాత ‘జి’, ఆ తర్వాత ‘ఎ’. విన్సెంట్ ఎప్పుడు వెళ్లాడో, టకర్ ఎప్పుడొచ్చాడో తెలియకుండానే ఇద్దరి గొంతులూ నచ్చాయి. అది 2007. అంటే ‘ఐ’ కోసం నేను ఎదురుచూసింది నాలుగేళ్లే. నా కోపం కూడా అమెరికావాళ్ల కోపంలో సగమే అనుకుంటా. ఆ తర్వాత ఒక జూనియర్ నా దగ్గర ఎ నుంచి ఐ దాకా కాపీ చేసుకున్నాడు. వాడికి కోపమే రాలేదు. నచ్చని పాటలు నాలుగు తీసేసి, మిగతావి ఉంచుకున్నాడు. ‘ఎందుకన్నా అందరూ అంత ఏడుస్తారు’ అని అడిగాడు. వాడికి ఎదురుచూపు లేదు, ఎవరూ మాట ఇవ్వలేదు, కాబట్టి తప్పిన మాటా లేదు.

వాడు విన్నదే అసలైన వినడం అనను. ఎదురుచూడటం కూడా వినడంలో భాగమే. 1989లో క్యాసెట్ కొని, రెండేళ్లు అరగదీసి, తర్వాతిది రాగానే దుకాణానికి పరిగెత్తిన శ్రోతకి ఆ బ్యాండ్ మీద ఉన్న హక్కు మా ఫోల్డర్ బ్యాచ్‌కి లేదు. అయితే 2011లో మొదటి వారంలోనే పడిన తీర్పు ఆ ఎదురుచూపు మీద పడింది, పాటల మీద కాదు. ఆ తీర్పే ఆల్బమ్ చరిత్రగా స్థిరపడిపోయింది. ఇవాళ ‘బ్లేడ్స్ ఫర్ బాల్’ వినకుండానే దాన్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు. రెండో ట్రాక్ స్థానంలో మూడోది పెట్టి, ‘రాడికల్ట్’ని లైబాఖ్ రికార్డులా విడిగా ఓ చిన్న పళ్లెం మీద వడ్డించి ఉంటే? కథ వేరేగా ఉండేదని నా గట్టి నమ్మకం. బ్యాండ్ మాత్రం వెనక్కి తగ్గలేదు. 2012లో అదే ఆల్బమ్ పాటల రీమిక్సులతో ఇంకో రికార్డు వదిలారు. మొండితనమా, ఎకసెక్కమా తెలీదు గానీ, ఆ ధైర్యం నాకు నచ్చింది.

2015లో విన్సెంట్ మళ్లీ వెళ్లిపోయాడు, టకర్ మళ్లీ వచ్చాడు. 2017 డిసెంబర్‌లో ‘కింగ్‌డమ్స్ డిస్‌డెయిన్డ్’ వచ్చింది. పాత సభ్యుడు ఎరిక్ రుటాన్ నిర్మించాడు, యంత్రాల దరువు జాడ లేదు, శ్రోతలు ఊపిరి పీల్చుకున్నారు. అది కె. మధ్యలో జె ఎక్కడికి పోయింది అంటారా? 2015లో ‘జువెనీలియా’ అని ఒక లైవ్ రికార్డు వేశారు. 1989లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో చేసిన కచేరీ అది. ‘ఐ’ తర్వాతి అక్షరాన్ని ‘ఎ’ రోజుల పాటలతో నింపారన్నమాట.

విన్సెంట్ తర్వాత సొంతంగా ఇంకో బ్యాండ్ పెట్టుకున్నాడు. మొదటి నాలుగు ఆల్బముల పాటలు, అంటే జనం కోరుకునే ఎ, బి, సి, డి పాటలు వాయించడమే దాని పని. పీట్ సాండోవల్ కూడా తర్వాత అందులో చేరాడు. ఆ బ్యాండ్ పేరు ‘ఐ యామ్ మోర్బిడ్’. ‘ఇల్లుడ్ డివినుమ్ ఇన్సానుస్’లో ఐదో పాట పేరు అది.