ఏటవాలు నడుము గిటార్లు: చవకతనం ఇచ్చిన స్వేచ్ఛ

వాయిద్యాల చరిత్ర అనగానే మనకు వాటిని తయారుచేసినవారి పేర్లే ముందుగా గుర్తుకొస్తాయి. వాటిని కొన్నవారు, విప్పినవారు, తమ అవసరానికి తగ్గట్టు మార్చుకున్నవారు ఆ చరిత్రలో సాధారణంగా కనిపించరు. ఈ వ్యాసంలో చెప్పబోయే కథ అందుకు భిన్నమైనది. ఒక ఎలక్ట్రిక్ గిటార్ తాను ఉద్దేశించిన సంగీతానికి నచ్చక, గిరాకీ పడిపోయి, పాత సామాన్ల దుకాణాలకు చేరింది. అక్కడ దాన్ని చవకగా కొన్న యువకుల చేతుల్లో అదే గిటార్ కొత్త సంగీతానికి సాధనమైంది.

ముందుగా మామూలు గిటార్ ఆకారాన్ని ఒకసారి మనసులో గీసుకోండి. దాని నడుము రెండు వైపులా ఎదురెదురుగా లోపలికి వంగి ఉంటుంది. ఆఫ్‌సెట్ గిటారులో ఆ రెండు వంపులు ఎదురెదురుగా ఉండవు. ఒకటి కాస్త ముందుకు, మరొకటి కాస్త వెనక్కు జరిగి ఉంటాయి. చూడటానికి గిటార్ ఒక పక్కకు వాలినట్టు కనిపిస్తుంది. కూర్చుని వాయించేవారికి తొడ మీద చక్కగా ఆనాలన్నదే ఈ వాలు వెనుక ఉన్న ఆలోచన.

తయారీదారు ఆశించినది ఒకటి, జరిగినది మరొకటి

ఈ ఆకారాన్ని ప్రవేశపెట్టినవాడు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రానికి చెందిన లియో ఫెండర్. స్ట్రాటోకాస్టర్ అనే గిటార్‌ను 1954లో విడుదల చేసిన ఆయన, 1958లో జాజ్‌మాస్టర్‌ను తెచ్చాడు. పేరులోనే ఉన్నట్టు అది జాజ్ కళాకారుల కోసం. ధర కూడా స్ట్రాటోకాస్టర్ కంటే ఎక్కువే. అయితే జాజ్ కళాకారులు తమకు అలవాటైన బోలు గిటార్లను వదలలేదు. జాజ్‌మాస్టర్‌ను అక్కున చేర్చుకున్నది కాలిఫోర్నియా సముద్రతీరపు యువత ఇష్టపడిన సర్ఫ్ సంగీతం. 1962లో అదే ఆకారంలో, కాస్త పొట్టి తీగలతో జాగ్వార్ వచ్చింది. 1964లో విద్యార్థుల కోసం తక్కువ ధరలో మస్టాంగ్ వచ్చింది.

1965 జనవరిలో ఫెండర్ సంస్థను సీబీఎస్ కంపెనీ 1 కోటి 30 లక్షల డాలర్లకు కొనుగోలు చేసింది. ఆ తర్వాతి దశాబ్దంలో సంగీతాభిరుచి మారింది. బరువైన రాక్ సంగీతానికి జాజ్‌మాస్టర్, జాగ్వార్ సరిపోవనే అభిప్రాయం బలపడింది. జాగ్వార్ తయారీ 1975లో, జాజ్‌మాస్టర్ తయారీ 1980లో, మస్టాంగ్ తయారీ 1982లో ఆగిపోయాయి. పాత గిటార్లు తాకట్టు కొట్లలో, సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో తక్కువ ధరకు దొరకసాగాయి.

లోపం ఎక్కడ ఉంది?

ఈ గిటార్లు ఎందుకు చులకనయ్యాయో తెలియాలంటే వాటి నిర్మాణాన్ని కొంచెం పరిశీలించాలి. గిటార్ తీగలు బ్రిడ్జ్ అనే ఆధారం మీదుగా వెళ్లి వెనుక ఒక కొక్కెం వద్ద ముగుస్తాయి. జాజ్‌మాస్టర్, జాగ్వార్‌లలో బ్రిడ్జ్‌కూ ఆ కొక్కేనికీ మధ్య దూరం ఎక్కువ. అందువల్ల తీగ బ్రిడ్జ్ మీద గట్టిగా ఒత్తుకోదు. ఆ రోజుల్లో వాడిన లావు తీగలతో ఇది పెద్ద ఇబ్బంది కాలేదు. తర్వాతి తరం సన్నని తీగలు వాడి, గట్టిగా మీటడం మొదలుపెట్టేసరికి తీగ గాడి నుంచి తప్పుకోవడం, జరజరమనే చప్పుడు రావడం పరిపాటి అయింది. పైగా ధ్వనిని నియంత్రించే విద్యుత్ వలయాలు రెండు ఉండేవి. వాయిస్తుండగా పొరపాటున చెయ్యి తగిలి మీట మారితే గొంతు ఒక్కసారిగా మూగబోయినట్టయ్యేది.

కానీ పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1981లో న్యూయార్క్‌లో ఏర్పడిన సోనిక్ యూత్ బృందానికి ఈ లోపమే వరమైంది. బ్రిడ్జ్ వెనుక మిగిలిన ఆ పొడవైన తీగల భాగాన్ని కూడా వారు మీటి, గంటల వంటి నాదాన్ని రాబట్టారు. అక్కరలేని వలయాలను తొలగించారు. కొన్నింటిలో వేరే పికప్‌లు, అంటే తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు చుట్టలు, అమర్చారు. ఒక్కొక్క గిటార్‌ను ఒక్కొక్క శ్రుతికి కేటాయించారు. వేలకు వేలు పోసి కొన్న వాయిద్యం మీద ఇంత ధైర్యంగా స్క్రూడ్రైవర్ పెట్టడం ఎవరికైనా కష్టమే. చవకగా దొరికింది కనుకనే అది సాధ్యమైంది.

1999 జూలైలో కాలిఫోర్నియా పర్యటనలో ఉండగా ఆ బృందం వాయిద్యాలున్న వాహనం దొంగలపాలైంది. డబ్బు పెడితే కొత్త గిటార్లు వస్తాయి. ఏళ్ల తరబడి తమ చేతులతో మార్చుకున్న గిటార్లు ఏ దుకాణంలో దొరుకుతాయి? ఆ తర్వాతి సంవత్సరాల్లో వాటిలో కొన్ని మాత్రమే తిరిగి దొరికాయి. మార్పులు చేసిన వాయిద్యానికి మార్కెట్ కట్టే విలువ వేరు, వాయించేవారు కట్టే విలువ వేరు అని ఈ సంఘటన తెలియజేస్తుంది.

మార్పు ఫ్యాక్టరీకి చేరిన వైనం

1990ల నాటికి ఇదే బాటలో వచ్చిన సంగీతం ప్రపంచమంతా పాకింది. నిర్వానా బృందానికి చెందిన కర్ట్ కోబేన్ వాయించిన 1965 నాటి జాగ్వార్‌కు, అతని చేతికి రాకముందే, ఎవరో పికప్‌లు మార్చేశారు. ఇటువంటి కళాకారులను చూసి యువత పాత ఆఫ్‌సెట్ గిటార్ల కోసం ఎగబడింది. ధరలు పెరిగాయి. పేదవాడి గిటార్ పేదవాడికి అందకుండా పోయింది.

ఈ లోటును తీర్చినది ఆసియా ఖండపు ఫ్యాక్టరీలు. ఫెండర్ తన చవక శ్రేణి అయిన స్క్వైర్ పేరుతో చైనా, ఇండోనేషియాలలో ఈ గిటార్లను చేయించింది. 2011లో డైనోసార్ జూనియర్ బృందపు గిటారిస్టు జె. మాస్కిస్ పేరిట వచ్చిన స్క్వైర్ జాజ్‌మాస్టర్‌ను చూడండి. తీగలు జారిపోయే పాత బ్రిడ్జ్‌కు బదులు వేరే రకం బ్రిడ్జ్ అందులో ఫ్యాక్టరీలోనే అమర్చి ఉంటుంది. వాయించేవారు ఎన్నో ఏళ్లుగా ఇళ్లలో చేసుకుంటున్న మార్పు చివరకు తయారీదారు నమూనాలోకే ప్రవేశించిందన్నమాట.

మీ దగ్గర అటువంటి చవక గిటార్ ఉంటే, మార్పులను ఒక క్రమంలో చేయడం మంచిది. ముందు కాస్త లావు తీగలు వేసి చూడండి. తర్వాత గిటార్ మెడ మొండేనికి కలిసే చోట పలుచని చెక్కపేడు పెట్టి మెడను కొద్దిగా వెనక్కు వాల్చి, దానికి తగ్గట్టు బ్రిడ్జ్‌ను పైకి లేపితే తీగ ఒత్తిడి పెరుగుతుంది. ఇవి రెండూ ఖర్చు లేని పనులు. అప్పటికీ తృప్తి లేకపోతేనే బ్రిడ్జ్‌ను, ఆ తర్వాతే పికప్‌లను మార్చాలి. విప్పిన భాగాలను పారేయకుండా ఒక సంచిలో దాచండి. చెక్కను తొలిచే పనిని మాత్రం చివరికి వదిలేయండి, ఎందుకంటే దాన్ని వెనక్కు తీసుకోలేరు. 1960ల నాటి అసలు గిటారును తొలిస్తే ఒక చారిత్రక వస్తువు రూపు చెరిగిపోతుంది. నిన్న మొన్నటి చవక గిటారును తొలిస్తే, తప్పు జరిగినా మీరొక పని నేర్చుకుంటారు.

వాయిద్యాన్ని సంగీతానికి తగ్గట్టు మార్చుకోవడం మనకు కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చేసినదీ ఇదే. మాండలిన్‌కు సాధారణంగా నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌కు అయిదు ఒంటి తీగలు కట్టించుకుని, గమకాలు పలికించి, కర్ణాటక సంగీత వేదికపై దానికి చోటు సంపాదించారు.

2022 మేలో అమెరికాలో జరిగిన వేలంలో కర్ట్ కోబేన్ వాయించిన 1969 నాటి మస్టాంగ్ సుమారు 45 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. విద్యార్థుల కోసం చవకగా తయారైన గిటార్ అది. అంత వెల పలికిన తర్వాత దాని మీద స్క్రూడ్రైవర్ పెట్టే సాహసం ఎవరూ చేయరు. ఆ పని చేయవలసినది ఈ రోజున ఏదో ఒక ఊరిలో, దాచుకున్న డబ్బుతో కొన్న తొలి గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న విద్యార్థి.