కొండ కరిగిన దీవి

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు చెప్పిన మాటకు అక్షరాలా దృష్టాంతమైన దేశమొకటి ఉన్నది. అది పసిఫిక్ మహాసముద్రంలోని నౌరు. వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లు. జనాభా పన్నెండు వేలకు అటూ ఇటూ.

ఆ దీవి నడిమి మిట్టంతా ఫాస్ఫేటు శిల. ఎరువుల తయారీకి అది ముడిసరుకు. 1907లో తవ్వకం మొదలై, పరాయి పాలకుల చేతుల మీదుగా ఆ సంపద ఓడలకెక్కింది. 1968 జనవరి 31న స్వాతంత్ర్యం వచ్చిన పిదప గనులు స్వదేశీయుల వశమయ్యాయి. 1970 దశకంలో తలసరి ఆదాయంలో నౌరు ప్రపంచంలోని సంపన్న దేశాల సరసన నిలిచింది. మెల్బోర్న్ నగరంలో 52 అంతస్తుల భవనం లేచింది. 1993లో లండన్‌లో ఒక సంగీత నాటకానికి సైతం పెట్టుబడి పెట్టి నష్టపోయారు.

1990 దశకానికి శిల తరిగింది. అమ్ముకొనడానికి మిగిలినది దేశం పేరొక్కటే. స్వల్ప రుసుము చెల్లించిన విదేశీయునికెల్లా బ్యాంకు అనుమతి పత్రం దొరికింది. భవనం అక్కరలేదు, గుమాస్తా అక్కరలేదు. ఒకే తపాలా పెట్టె చిరునామాతో సుమారు 400 బ్యాంకులు వెలిశాయి! 1998 ఒక్క ఏడాదిలోనే రష్యా నుండి 7,000 కోట్ల డాలర్లు నౌరు బ్యాంకుల ఖాతాలకు తరలినట్లు ఆ దేశ కేంద్ర బ్యాంకు ఉన్నతాధికారి విక్టర్ మెల్నికోవ్ ప్రకటించారు. రూబుల్ కుప్పకూలి, సామాన్యులు జీతాలకు నోచుకోని సంవత్సరమది.

ఆ ధనం నౌరు ఇసుకను తాకనైనా లేదు. ఇటువంటి బ్యాంకులు మహానగరాల పెద్ద బ్యాంకులలో తమ పేర ఖాతాలు తెరుస్తాయి. సొమ్ము వాస్తవంగా ఉండేది అక్కడే. దీవి ఇచ్చేది చిరునామా, రహస్యం. పన్ను ఎగవేసిన సొమ్ము, లంచపు సొమ్ము ఈ దారిన తిరిగి, విదేశీ ఋణమనో పెట్టుబడి అనో మర్యాదస్థుని వేషంలో స్వదేశం చేరుతుంది. దీనిని కొందరు ధనప్రక్షాళనమంటున్నారు. ప్రక్షాళనం పవిత్రమైన మాట. ఇక్కడ మురికి పోదు, దాని ఆనవాలు మాత్రమే పోతుంది.

2000లో అంతర్జాతీయ ఆర్థిక నిఘా సంస్థ ఎఫ్ఏటీఎఫ్ నౌరును సహకరించని దేశాల పట్టికకెక్కించింది. 2002 డిసెంబరులో అమెరికా ఖజానా శాఖ మరింత కఠినంగా కన్నెర్ర చేసింది. చివరకు నౌరు ఆ అనుమతులన్నీ రద్దు చేసుకొని, 2005లో పట్టిక నుండి బయటపడింది. అప్పటికే మెల్బోర్న్ భవనం అమ్ముడుపోయింది. ప్రభుత్వపు సొంత బ్యాంకు దివాలా తీసి, ప్రజలు దాచుకున్న సొమ్ము చిక్కుకుపోయింది. 2015లో ఆస్ట్రేలియా బ్యాంకొకటి అక్కడ శాఖ తెరిచేదాకా, వందల బ్యాంకులకు పేరు అరువిచ్చిన ఆ దీవిలో ఒక ముసలమ్మ నాలుగు డబ్బులు దాచుకొనడానికి ఒక్క బ్యాంకైనా లేకపోయింది.

నౌరు చేసినది తప్పే. కాని ఆ సొమ్మును తమ ఖాతాలలో నిలుపుకొని లాభపడిన మహానగరాల పేర్లు ఏ పట్టికలోనూ కనబడలేదు. చరిత్ర పాఠంలో ఈ భాగాన్ని కూడా మన పిల్లలకు చెప్పవలసి ఉన్నది.